ఆపడానికి ఇంకేమీ లేని ఇల్లు

ఉద్యోగంలో తమ మాట విననివాళ్ళ గురించి రిటైరైనవాళ్ళు ఎన్నో కథలు చెబుతారు. నేను చెప్పిన ప్రతి మాటా విన్న మనిషి గురించి చెబుతాను.

ఈ మధ్య కొత్తపేటలో మా వీధి అమ్మాయికి కరెంటు శాఖలో ఉద్యోగం వచ్చింది. మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చి కూర్చుంది. ఇళ్ళల్లో కరెంటు పొదుపు గురించి ఊళ్ళో ఆడవాళ్ళకి మాట్లాడాలట, మొదటి డ్యూటీయే అదట. "మీరు చాలాసార్లు మాట్లాడి ఉంటారు కదా ఆంటీ, నాలుగు ముక్కలు చెప్పండి" అంది. చెప్పాను. పాత బల్బులు తీసి ఎల్‌ఈడీలు పెట్టుకోమనాలి. ఫ్రిజ్‌ని గోడకి ఆనించొద్దనాలి, వేడి గిన్నెలు అందులో తొయ్యొద్దనాలి. టీవీని రిమోట్‌తో కాకుండా స్విచ్చు దగ్గరే ఆపమనాలి. అమ్మాయి ఫోనులో రాసుకుంటూ "ఇంకా?" అంది. ఇంకా ఒకటుంది కానీ, అది మిఠాయి తెచ్చిన రోజున చెప్పేది కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయి, ఆమెతోపాటు కొత్తగా చేరినవాళ్ళు ఎప్పుడైనా చదువుతారని.

ఉద్యోగం చివర్లో నన్ను అమలాపురం దిగువన, సముద్రం వైపు సెక్షన్‌కి ఏఈగా వేశారు. ఓడలరేవు దాకా మా లైన్లే. ఆ వైపు పని అంటే ఉప్పుగాలితో కుస్తీ. కొత్తగా బిగించిన ఇనప క్లాంపు రెండు వానాకాలాలు తిరిగేసరికి పొట్టులా రాలిపోతుంది. తీగల మీద కొబ్బరి మట్టలు పడతాయి. రొయ్యల చెరువుల మోటార్లన్నీ ఒక్కసారి వేస్తే ఊళ్ళో దీపాలు గుడ్లు తేలేస్తాయి. పొదుపు ఉపన్యాసాలు ఈ పనుల సందుల్లో, పైనుంచి ఆర్డరు వచ్చినప్పుడు.

నాతో ఉన్న లైన్‌మన్ మహా మాటకారి. శనివారం వస్తే వాడపల్లి వెళ్ళి ప్రదక్షిణలు చేసి రావాల్సిందే, ఇక్కడ లైను తెగిపడినా సరే. "స్వామి దగ్గర ఫేజు, మీ దగ్గర న్యూట్రలూనండి మేడం గారు, రెండూ ఉంటేనే నాకు దీపం వెలిగేది" అనేవాడు. నేను ఏసు ప్రభువుని నమ్మే ఇంట్లో పుట్టినదాన్ని. అయినా ఆ పోలిక నాకు నచ్చేది.

ఒకరోజు పొద్దున్నే ఆఫీసు గుమ్మంలో ఒకావిడ నిలబడింది. నలభై లోపే ఉంటాయి. చేతిలో కరెంటు బిల్లు.

"మా మీటరు పరిగెడతందండి. మార్పించండి" అంది.

మీటరు పరిగెడుతోందనకుండా మా గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. నేను కూర్చోమని, మీటరు టెస్టుకి దరఖాస్తు పెట్టుకోవాలని మొదలుపెట్టాను. ఆవిడ కూర్చోలేదు.

"బిల్లు ఎలాగోలా కడతామండి. మా మావయ్య గారి పింఛను ఆపేసేరండి. కరెంటు అంత కాల్చేవోళ్ళు పేదోళ్ళు కాదంట. ఇలాగే ఉంటే రేషను కార్డు కూడా పోద్దన్నారు సచివాలయంలో. మా పాప అమలాపురంలో నర్సింగు చదువుతుందండి. ఆ ఫీజు కూడా ఆ కార్డు మీదే వస్తాది."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఇంటికి నెలకి ఇన్ని యూనిట్లని అప్పట్లో ఒక హద్దు ఉండేది. కొన్ని నెలల సగటు తీసి చూస్తారు. హద్దు దాటితే అది ఉన్నవాళ్ళ ఇల్లు, దాటకపోతే లేనివాళ్ళది. ఏసీ గదిలో పడుకుని పింఛను తీసుకునేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళని ఏరెయ్యడానికి పెట్టిన నిబంధన. అందులో తప్పేముందని నేనూ అనుకునేదాన్ని.

మీటరు టెస్టు చేయించాను. నిక్కచ్చిగా ఉంది. ఆ మాట చెప్పేసరికి ఆవిడ ముఖం పాలిపోయింది. మీటరు తప్పని తేలితే బాగుణ్ణని కొండంత ఆశతో వచ్చింది పాపం.

"మరి మా ఇంట్లో ఏముందండి, అంత కాలడానికి?"

"వచ్చి చూస్తాను" అన్నాను.

ఓడలరేవు దాటాక తారురోడ్డు ఇసకలో కలిసిపోయే చోట వాళ్ళ ఇల్లు. రేకుల కప్పు, ముందు చిన్న అరుగు, వెదురు దడి, దానికో తలుపు. ఇంటికి కాస్త దూరంలో గ్యాసు ప్లాంటు గొట్టం మీద మంట పట్టపగలు కూడా మండుతూ ఉంటుంది. ఆ వైపు వాళ్ళు దాన్ని చూడటం ఎప్పుడో మానేశారు. మా లైన్‌మన్ మాత్రం బండి దిగుతూనే "అది ఎవరి మీటరు మీద కాలతందో కనుక్కోండి మేడం గారు" అన్నాడు.

అరుగు మీద నులకమంచం, మంచం మీద పెద్దాయన. ముక్కుకి సన్నటి గొట్టం. గొట్టం రెండో కొస మంచం పక్కనున్న మోకాలెత్తు తెల్లపెట్టెలోకి వెళ్ళింది. పెట్టె గుర్రుమంటూ ఊపిరి తీస్తోంది. గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మిషను అది. ఎవరో దాతలు ఆసుపత్రి ద్వారా ఇప్పించారట. వీలైనంతసేపు పెట్టుకునే ఉండాలని డాక్టరు చెప్పాడు.

వంతెన రాకముందు ఆయన ఏటి మీద పంటు నడిపే సరంగు. మనుషుల్ని, మోటారు సైకిళ్ళని, కొబ్బరికాయల వ్యాన్లని ఈ రేవు నుంచి ఆ రేవుకి చేర్చడంలోనే వయసంతా గడిచింది. ఇంజను పొగ కొంత, చుట్ట పొగ కొంత, ఊపిరితిత్తులు రెండూ మసిబారిపోయాయి. కొడుకు ఏడాదిలో ఎక్కువ నెలలు మంగళూరు బోట్ల మీద ఉంటాడు. ఇంట్లో పెద్దాయన, ఎండుచేపలు అమ్ముకొచ్చే ఆయన భార్య, బళ్ళో మధ్యాహ్న భోజనం వండే కోడలు. మనవరాలు హాస్టల్లో.

"ఏం బాబాయిగారు, మా శాఖ కరెంటంతా మీరే తాగేస్తున్నారంట?" అన్నాడు లైన్‌మన్.

"ఆయ్. నోరు సాలక ముక్కుతో కూడా తాగేత్తన్నానండి" అన్నాడాయన. నవ్వితే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా మేమందరం ఆగాం.

ఇంట్లో కరెంటు వృథా పట్టుకునే ఉపాయం పెద్ద చదువేం కాదు. మీటరు మీద చిన్న ఎర్ర దీపం ఉంటుంది. కరెంటు ఎంత ఎక్కువ కాలితే అంత గబగబా మిణుకుతుంది. అన్నీ ఆపేసి, ఒక్కొక్కటే వేసుకుంటూ ఆ దీపాన్ని చూస్తే దొంగ దొరుకుతాడు. ఆ ఇంట్లో మీటరు అరుగు మీదే, మంచానికి ఎదురుగా ఉంది. పెద్దాయన తన మిషను కూడా కాసేపు ఆపమని తనే చెప్పాడు. అన్నీ ఆపాం. అయినా దీపం నెమ్మదిగా మిణుకుతూనే ఉంది.

"అన్నీ ఆపేసినా కొడతందేంటండి?" అన్నాడాయన, మంచం మీద లేచి కూర్చుని.

స్నానాలగది గోడలో దొరికింది. ఎప్పుడో గోడలో పూడ్చిన తీగ మీద తొడుగు ఉప్పుకి తినేసి ఉంది. గోడ తడిసినప్పుడల్లా కరెంటు మట్టిలోకి పోతోంది. ఆ గోడ పట్టుకుని ఎవరూ పోకపోవడం అదృష్టం. ఫ్రిజ్ తలుపు రబ్బరు ఊడిపోయి, తలుపు వేసినా సందులో కాగితం జారిపోయేంత ఖాళీ ఉంది. నీళ్ళ మోటారు ఫుట్‌వాల్వు కారిపోతూ, బిందె నిండడానికి పట్టాల్సినదానికి ఎన్నో రెట్ల సేపు తిరుగుతోంది. వారం తిరక్కుండా లైన్‌మన్ తన చేత్తో గోడ బయటినుంచి కొత్త తీగ లాగాడు, వాల్వు మార్చాడు. నేను అమలాపురం నుంచి ఫ్రిజ్ రబ్బరు తెచ్చాను. పెద్దాయన మంచం మీదనుంచే అన్నీ గమనించేవాడు. ఇంజన్లతో బతికిన మనిషి కదా, ఏది ఎందుకు విప్పుతున్నామో అడిగి తెలుసుకునేవాడు.

"అయితే ఆ ఎర్ర దీపం ఎంత నెమ్మదిగా కొడితే మనకంత మంచిదన్నమాట."

"అంతేనండి" అన్నాను.

తర్వాత కొన్నాళ్ళకి చాలామంది నన్ను ఓదార్చబోయారు. ఆ దీపం సంగతి ఆయనకి చెప్పకుండా ఉండాల్సిందని నువ్వు బాధపడకు అనేవారు. నేనలా బాధపడలేదు. అడిగినవాడికి అతని మీటరు అతనికి చూపించకపోతే ఇంక మేమెందుకు? నా బాధ వేరు.

ఆ నెల బిల్లు బాగా తగ్గింది. మా లైన్‌మన్ ఆఫీసులో అందరికీ టీ పోయించాడు. నేను మాత్రం కాగితం మీద సగటు కట్టి చూశాను. తగ్గింది కానీ హద్దు కిందికి దిగలేదు. మిగిలినదాంట్లో పెద్ద భాగం ఆ తెల్లపెట్టెదే. అది వృథా కాదు కనక దాన్ని నేను పొదుపు లెక్కలోకి తీసుకోలేదు. నిబంధన తీసుకుంది. దానికి ఏసీ అయినా ఆక్సిజన్ అయినా యూనిట్ యూనిట్టే.

మళ్ళీ వెళ్ళి కోడలికి విషయం చెప్పాను. "ఇంకా ఏమేం ఆపమంటారండి?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆపదగ్గది పెద్దగా మిగల్లేదు. ఏదో నాలుగు చెప్పాను. ఆ తర్వాతిసారి వెళ్ళేసరికి చెప్పినవి కాక చెప్పనివి కూడా ఆపేశారు. మిక్సీ అటకెక్కింది, రుబ్బురోలు దిగింది. టీవీ పక్కింటివాళ్ళకి అమ్మేశారు. మంచినీళ్ళు అడిగితే ఆవిడ కడవలోంచి ముంచింది. అలవాటు కొద్దీ ఫ్రిజ్ రబ్బరు చూద్దామని తలుపు తీస్తే లోపల మడతపెట్టిన చీరలు, మనవరాలి పాత పుస్తకాలు. నేను ఊరంతా తిరిగి వెతికి తెచ్చిన రబ్బరు చుట్టూ బిగువుగా పట్టి ఉంది. ఆ తలుపు వెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

"ఇంకా మిగిలిందంతా దీనిదేనాండి?" అన్నాడు పెద్దాయన, తెల్లపెట్టె మీద చెయ్యి వేసి.

"దాని సంగతి మీరు వదిలెయ్యండి బాబాయిగారు. ఆఫీసులో నేను మాట్లాడతాను. దాని జోలికి మాత్రం వెళ్ళకండి."

"ఆయ్" అన్నాడు.

మా వైపు 'ఆయ్' అంటే సరేనని అర్థం. విన్నాను అని కూడా అర్థం. ఏదన్నది ఎదటివాళ్ళే పోల్చుకోవాలి.

అమలాపురంలో మా పై అధికారి డీఈ గారి దగ్గరికి వెళ్ళాను. మంచి మనిషి. నా మాట పూర్తిగా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"వ్యవసాయానికి కేటగిరీ ఉందమ్మా. ఆక్వాకి ఉంది. గుడికి, చర్చికి, వీధి దీపానికి ఉంది. ఊపిరికి లేదు. యూనిట్లు చెప్పడం వరకే మన పని. ఎవరు పేదో తేల్చేది మనం కాదు."

"సచివాలయం వాళ్ళనడిగితే యూనిట్లు మీవంటున్నారండి."

"అదీ నిజమే" అన్నాడు. పైకి ఒక ఉత్తరం మాత్రం రాశాడు. నేను రిటైరయ్యేదాకా దానికి జవాబు రాలేదు.

సచివాలయంలో కుర్చీలో ఉన్న అమ్మాయి డాక్టరు కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది. తన తండ్రికి కూడా ఆయాసమేనని చెప్పింది. "కానీ ఇవి ఎక్కించడానికి సిస్టంలో చోటు లేదండి మేడం" అంది. ఆమెని ఏమనగలను?

లైన్‌మన్ మిషనుకి వేరే మీటరు పెట్టిద్దామన్నాడు. ఒక కార్డులో ఉన్నవాళ్ళ మీటర్లన్నీ కలిపే లెక్కిస్తారు. పక్కింటాయన, కోడలి అవస్థ చూడలేక, తన ఇంట్లోంచి తీగ లాక్కోమన్నాడు. తీరా చూస్తే ఆయన కూడా హద్దుకి బెత్తెడు దూరంలోనే ఉన్నాడు. ఆయన భార్య సాయంత్రం వచ్చి చేతులు పట్టుకుని వద్దని చెప్పి వెళ్ళింది. సోలారు పలకలు పెట్టించొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. ఆ రేకులు పలకల బరువు మొయ్యవు. మోసినా, ఆ ఇసక దిబ్బ మీది ఇంటికి కాగితాలు సరిగా లేవని బ్యాంకువాళ్ళు ఒప్పుకోలేదు. వెళ్ళిన ప్రతిచోటా మనుషులు మంచివాళ్ళే తగిలారు. ఎవరైనా ఒక్కడు దుర్మార్గుడు తగిలుంటే వాడితో దెబ్బలాడి కొంతైనా తేలికపడేదాన్నేమో.

రెండో రీడింగ్ రోజు వచ్చింది. ఆ ఏరియాలో రీడింగ్ తీసే ఆయన మధ్యాహ్నం ఫోను చేశాడు.

"మేడం గారు, మన పంటు సరంగు గారిల్లు దిగిందండి! హద్దు కిందకి దిగిపోయింది!"

లైన్‌మన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. అప్పటికప్పుడు వెళ్ళి ఎక్కడినుంచో పూతరేకుల పొట్లం పట్టుకొచ్చాడు. "బాబాయిగారి నోట్లో మనమే పెట్టాలండి" అంటూ బండి తీశాడు. నేను వెనక ఎక్కాను. సగం దూరం అతని మాటలు వింటూనే ఉన్నాను. కానీ ముప్పై ఏళ్ళకి పైగా యూనిట్లు లెక్కపెట్టిన బుర్ర ఊరుకోదు కదా. గోడ కిందటి నెలే బాగుచేశాం. మోటారూ కిందటి నెలే. ఈ నెల కొత్తగా ఆగిన ఫ్రిజ్, టీవీ, మిక్సీ అంతా కలిపినా అంత కాదు.

"ఏవండీ, ఏం ఆపితే దిగిందంటారు?" అన్నాను వెనకనుంచి.

అతను బండి వేగం పెంచాడు.

అరుగు మీద పెద్దాయన మంచంలో ఒరిగి కూర్చుని ఉన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. భార్య సంతకి, కోడలు బడికి వెళ్ళారు. ఆయన ముక్కుకి గొట్టం ఉంది. పెట్టె చప్పుడు మాత్రం లేదు. నేను ఆ నిశ్శబ్దాన్ని ముందు గుర్తుపట్టలేకపోయాను. సముద్రం హోరు ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదే అనుకున్నాను.

లైన్‌మన్ చేతిలో పొట్లం అక్కడే పడేసి స్విచ్చు వేశాడు. పెట్టె గుర్రుమంది. పెద్దాయన పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి, గోళ్ళు కూడా. కళ్ళు తెరిచి మమ్మల్ని చూసి, తప్పు దొరికిన పిల్లాడిలా నవ్వబోయాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది. ఆ మాట కూడా ప్రశ్నే.

"దిగిందాండి?"

"దిగింది" అన్నాను. "ఎన్నాళ్ళనుంచి ఇలా చేస్తున్నారు?"

"కిందటి నెల దిగలేదు గదండి, అప్పట్నించి. ఆళ్ళు ఎల్లాక ఆపుతాను. దడి తలుపు చప్పుడైతే ఏసుకుంటాను. ఇయ్యాల మీరొచ్చింది ఇనపళ్ళేదు. కునుకు పట్టేసింది."

అది కునుకు కాదు. మేమింకో గంట ఆలస్యంగా వెళ్ళుంటే ఏమయ్యేదో.

"చచ్చిపోతారు బాబాయిగారూ! ఆ డాక్టరు ఏం చెప్పాడు మీకు?" అని అరిచాడు లైన్‌మన్. అతను అరవడం నేను అదే చూడటం.

"ఊపిరి బిగబట్టడం నాకు కొత్తాండి? పంటు లంగరు ఇరుక్కుంటే ఏటి అడుక్కి ములిగి తీసొచ్చినోణ్ణి" అని, కాసేపు గొట్టంలోంచి గాలి పీల్చుకుని, నా వైపు తిరిగాడు. "మీరే గదమ్మా చూపించేరు. అన్నీ ఆపేసి చూసేను. ఫ్యాను ఆపితే ఆ దీపం కూసింత తగ్గుద్ది. ఇది ఆపితే నిలబడిపోద్ది. ఇల్లంతా తినేది నేనేనండి. ఆ పిల్ల సదువు కూడా నేనే తినేత్తంటే ఎలా సూత్తా ఊరుకోమంటారు?"

లెక్క ప్రకారం ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

"మా ఆడోళ్ళకి చెప్పకండమ్మా. ఇంకో రెణ్ణెల్లు ఇలా దిగితే సగటు కుదిరిపోద్ది. అప్పుడు మానేత్తాను."

చెప్పకుండా ఎలా ఉంటాను? చెప్పాను. ఈనాటికీ ఆ విషయంలో నాకు సందేహం లేదు. చెప్పినందువల్ల మంచి జరిగిందని మాత్రం అనలేను.

కోడలు బడినుంచి వచ్చి, విని, గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. పెద్దావిడ సంతనుంచి వచ్చేసరికి ఎండ వాలింది. బుట్ట దించకుండానే అంతా విన్నది. "నేనొచ్చేతలికి మిషను మోగతానే ఉండేది. గొట్టం ఎట్టుకునే కూకునేవోడు" అంది, మాతో కాదు, తనలో తను. బుట్ట దించి ఆయన మంచం కోడు దగ్గర నిలబడింది.

"నన్ను ముండమోపిని చేసి కార్డు నిలబెడతావా?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. లైన్‌మన్ నేల మీది పొట్లం ఏరి, ఎవరికి ఇవ్వాలో తెలియక, చివరికి మీటరు పెట్టె మీద పెట్టాడు.

మర్నాటి నుంచి పెద్దావిడ సంత మానేసింది. బుట్ట బోర్లించి, పగలంతా మంచం పక్కనే కూర్చుంది. మిషను ఆగకుండా మోగింది. ఆ తర్వాతి నెల యూనిట్లు మళ్ళీ హద్దు దాటాయి. సంపాదన ఒకటి తగ్గింది, పింఛను రాలేదు. నేను వెళితే పెద్దాయన మర్యాదకి తక్కువ చేసేవాడు కాదు. కూర్చోమనేవాడు, మంచినీళ్ళు ఇమ్మని కోడలిని కేకేసేవాడు. ఏం చెప్పినా "ఆయ్" అనేవాడు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పేవాడు కాదు. ఆయన అంత కష్టపడి సాధించినదాన్ని నేను ఒక్క మాటతో పాడుచేశాను కదా.

ఆ వానాకాలం ఆయనకి రొమ్ము పట్టేసింది. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఊపిరితిత్తులతో పాటు గుండె కూడా అరిగిపోయిందని, చాలాకాలంగా చాలినంత గాలి అందలేదని అక్కడి డాక్టరు చెప్పాడు. ఏ మధ్యాహ్నం ఆపినందుకు ఏ రోజు తగ్గిందో ఎవరు చెప్పగలరు? మంగళూరునుంచి కొడుకు రైలెక్కాడు, కానీ అందలేదు. వానలో, మోకాలి లోతు నీళ్ళున్న దారిలో తీసుకెళ్ళారు. మా లైన్‌మన్ పాడె పట్టాడు. ఆ రోజు శనివారం. అతను వాడపల్లి వెళ్ళలేదు.

తర్వాత జరిగింది త్వరత్వరగా జరిగింది. మిషను ఆగింది కనక యూనిట్లు దిగాయి. కొన్ని నెలలకి సగటు కుదిరింది. పెద్దావిడకి వితంతు పింఛను మంజూరైంది, ఎవరూ ఏ అభ్యంతరమూ చెప్పలేదు. కార్డు నిలబడింది. మనవరాలి ఫీజు వచ్చింది. ఆయన కోరుకున్నవన్నీ జరిగాయి.

ఆ ఏడాది ఇంధన పొదుపు వారోత్సవాల్లో మా సెక్షన్‌కి మంచి పేరు వచ్చింది. యూనిట్లు బాగా తగ్గించిన ఇళ్ళ పట్టిక తెర మీద వేశారు. అందులో ఆ ఇంటి మీటరు నంబరు పై వరసలోనే ఉంది. పేర్లు ఉండవు, నంబర్లే. అందరూ చప్పట్లు కొట్టారు. డీఈ గారు నాకు శాలువా కప్పుతూ తెర వైపు చూడలేదు, ఆయనకి ఆ నంబరు తెలుసు. లైన్‌మన్ ఆ పూట సెలవు పెట్టాడు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. ఎల్‌ఈడీ బల్బుల గురించి మాట్లాడాను.

నేను రిటైరవడానికి కొద్ది రోజుల ముందు కోడలు ఫోను చేసింది. నగరం అనే ఊరి వైపునుంచి ఒకతను వచ్చాడట, వాళ్ళమ్మకి ఆయాసమట, మిషను ఇచ్చేద్దామనుకుంటున్నారట. "ఎలా వాడాలో మీరొచ్చి ఒక్కసారి చెప్పండి మేడం గారు, మాకు సరిగా చెప్పడం రాదు" అంది. అది నెపమని నాకు తెలుసు. ఆ పెట్టె గడప దాటేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండాలనుకుంది.

వెళ్ళాను. అతను ఆటో నడుపుకునే మనిషి, తన ఆటోలోనే భార్యతో వచ్చాడు. పెట్టె తుడిచి అరుగు మీద పెట్టి ఉంచారు. నేను గొట్టం ఎక్కడ తగిలించాలో, నీళ్ళసీసాలో ఏ నీళ్ళు పొయ్యాలో, వెనక జాలీ ఎలా కడగాలో చూపించాను. అతను శ్రద్ధగా విన్నాడు. అన్నీ అయ్యాక తలగోక్కుని అడిగాడు.

"కరెంటు ఎంత కాలుద్దండి ఇది? మాక్కూడా కార్డుందండి."

నేను నోరు తెరిచేలోగా గుమ్మంలో కూర్చున్న పెద్దావిడ అందుకుంది.

"ఏం కాలదు బాబూ. ఫ్యానంత. అంతకన్నా తక్కువే."

అతను నా వైపు తిరిగాడు. "అంతేనాండి మేడం గారు? మీరు కరెంటాఫీసు వోరు గదా."

పెద్దావిడ నా ముఖంలోకి చూస్తోంది. భర్త పోయాక ఆవిడ నా ముఖంలోకి చూడటం అదే మొదటిసారి.

"అంతేనండి" అన్నాను.

అతను దండం పెట్టి, భార్యాభర్తలిద్దరూ పెట్టెని చంటిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి ఆటోలో పెట్టుకున్నారు. ఆటో ఇసకలో ఊగుతూ వెళ్ళి తారురోడ్డెక్కేదాకా మేమిద్దరం అరుగు మీదే నిలబడ్డాం.

"మొదటి బిల్లు వచ్చేదాకా అయినా ఎట్టుకుంటాదిలెండి ఆళ్ళమ్మ" అంది పెద్దావిడ.